కోస్తా గానసభలు: తొలి కచేరీకి చోటెక్కడ?

పుష్య బహుళ పంచమి త్యాగరాజస్వామి (1767–1847) సిద్ధి పొందిన తిథి. ఆ దినాన కోస్తాంధ్రలోని అనేక పట్టణాలలో తెల్లవారుతూనే ఒక రామమందిరం ముందరో, ఒక సత్రం ఆవరణలోనో తంబుర శ్రుతి మొదలవుతుంది. ఊరిలోని సంగీతోపాధ్యాయులు, వారి శిష్యులు, చిన్ననాడు నాలుగు కీర్తనలు నేర్చి తరువాత ఉద్యోగాలలో, సంసారాలలో స్థిరపడినవారు వరుసలు తీరి కూర్చుని పంచరత్న కీర్తనలను గోష్ఠిగా ఆలపిస్తారు. అటుపిమ్మట పొద్దుపోయే వరకు వేదిక ఊరివారిదే. ఒక్కొక్కరికి ఒక్క కీర్తనకు మాత్రమే వ్యవధి. కొత్తగా గొంతు విప్పుతున్న బాలిక చరణంలో తడబడితే పక్కన కూర్చున్న వయొలిన్ విద్వాంసుడు ఆ స్వరాన్ని అందించి నిలబెడతాడు. మృదంగ విద్వాంసుడు తాళపు దెబ్బను కాస్త స్ఫుటంగా వినిపిస్తాడు. ముందు వరుసలోని వృద్ధుడొకరు తొడమీద తాళం వేస్తూ తల ఊపుతారు. ఆ తల ఊపు ఆ బాలికకు లభించిన మొదటి విమర్శ.

సంగీత వేదికల ప్రస్తావన వచ్చినప్పుడు సాధారణంగా మనం లెక్కపెట్టేవి కుర్చీలు, దీపాలు, ధ్వనివర్ధకాలు. ఉత్సవాల ప్రస్తావన వస్తే హాజరైన జనసంఖ్యనూ, విచ్చేసిన ప్రముఖులనూ లెక్కపెడతాము. ఈ లెక్కలు అవసరమైనవే. అయితే వీటికంటె ముందు అడగవలసిన ప్రశ్న ఒకటి ఉన్నది: ఈ వేదిక ఎవరికి తొలి కచేరీ ఇచ్చింది? శ్రీకాకుళం నుంచి నెల్లూరు వరకు పరచుకొన్న తీరప్రాంతపు సంగీత చరిత్రను ఈ ఒక్క ప్రశ్నతో పరిశీలించినా మన సభల బలమూ, ప్రస్తుత ఉత్సవాల లోపమూ రెండూ తేటపడతాయి.

రెండు ఉదాహరణలు చాలు. మంగళంపల్లి బాలమురళీకృష్ణ (1930–2016) తూర్పుగోదావరి జిల్లా శంకరగుప్తంలో జన్మించారు. బాల్యంలోనే విజయవాడలో ఆరాధనోత్సవ వేదికపై పూర్తి కచేరీ చేశారు. ఆయన గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు త్యాగరాజ శిష్యపరంపరకు చెందినవారు. హరికథా విద్వాంసులు ముసునూరి సూర్యనారాయణమూర్తి భాగవతార్ ఆ బాలుని ప్రతిభ చూసి మురళీకృష్ణ పేరుకు ముందు ‘బాల’ శబ్దాన్ని చేర్చారు. రెండవది, పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) కథ. కర్ణాటక సంగీతానికి కొత్తదైన మాండొలిన్‌ను చేతబట్టి ఆ బాలుడు 1978లో తొలి బహిరంగ కచేరీ చేసినది గుడివాడ త్యాగరాజ ఆరాధనోత్సవంలో. అప్పటికతనికి పదేళ్లు నిండలేదు. ఒక పాశ్చాత్య వాద్యం మీద గమకం పలుకుతుందా అని పండితులు తర్కించుకొనే రోజులలో, ఒక చిన్న పట్టణపు సభ ఆ సందేహాన్ని పక్కనపెట్టి ముందు విందామన్నది. ఈ రెండు తొలి కచేరీలకు కారణం పట్టణాల వైభవం కాదు. కొత్తవారికి చోటు కేటాయించే అలవాటు ఆ ఆరాధనల అమరికలోనే ఉన్నది.

కొలువు నుంచి చందా పుస్తకం వరకు

ఈ అలవాటు ఒక్కనాటిది కాదు. ఉత్తర కోస్తాలో సంగీతానికి మొదటి ఆశ్రయం సంస్థానాలు. విజయనగరం, బొబ్బిలి, పిఠాపురం కొలువులలో వైణికులు, గాయకులు పోషణ పొందారు. వైణికశిఖామణి తుమరాడ సంగమేశ్వరశాస్త్రి పిఠాపురం ఆస్థాన విద్వాంసులు. అయితే కొలువు కచేరీకి శ్రోతలు ఆహ్వానితులే. తలుపు బయట ఉన్నవానికి ఆ సంగీతం వినే అర్హత పుట్టుకతోనో, పదవితోనో రావలసినదే. 1919లో విజయనగరం సంస్థానాధీశులు సంగీత కళాశాలను నెలకొల్పడంతో ఆ తలుపు కొంత తెరుచుకున్నది. హరికథా పితామహులు ఆదిభట్ల నారాయణదాసు (1864–1945) తొలి అధ్యక్షులుగా, 1936 నుంచి ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) అధ్యక్షులుగా ఉన్న ఆ విద్యాలయంలో ఘంటసాల వంటి పేద విద్యార్థి చదువుకోగలిగాడు.

దక్షిణాన, డెల్టా పట్టణాలలో, పోషణ మరొక రూపం దాల్చింది. ధవళేశ్వరం వద్ద 1852లో, బెజవాడ వద్ద 1855లో ఆనకట్టలు పూర్తి అయిన తరువాత కాలువ నీరు పారిన చోటనల్లా వరి పండింది. వరితో పాటు మిల్లులు, వర్తకం, కోర్టులు, పాఠశాలలు పెరిగాయి. ప్లీడర్లు, వర్తకులు, ఉపాధ్యాయులు, ఓ మోస్తరు భూస్వాములు కలిసి చందాలు పోగుచేసి గానసభలు నడిపారు. కాకినాడలోని సరస్వతీ గానసభ ఆ తరహా సంస్థలలో పేరెన్నికగన్నది. రాజు ఒక్కడు ఇచ్చే అగ్రహారానికి బదులు వందమంది ఇచ్చే చందా విద్వాంసునికి ఆధారమైనది. ఈ మార్పు లెక్కల పుస్తకానికే పరిమితం కాలేదు. చందా ఇచ్చినవాడు తన ఊరి పిల్లవానికి ఒక అరగంట ఇమ్మని అడగగలిగాడు. కొలువులో అది అడిగే వీలు లేదు.

ఉత్సవాల కాలం కూడ పంటను అనుసరించినదే. సార్వా పంట ఇంటికి చేరి చేతిలో నాలుగు డబ్బులు ఆడే పుష్య మాఘాలలో ఆరాధనలు వస్తాయి. భీమవరం మావుళ్లమ్మ ఉత్సవాలు సంక్రాంతి వేళ మొదలై నెలకు పైగా సాగి నాటకాలకు, హరికథలకు, గానానికి నెలవవుతాయి. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్ల. చైత్రంలో శ్రీరామనవమి పందిళ్లు. దసరా నవరాత్రులను మినహాయిస్తే సంగీతపు ఋతువు దాదాపుగా సంక్రాంతికీ వేసవికీ నడుమ ఇమిడి ఉన్నది. దీనిని గమనించకుండా ఉత్సవపు తేదీలను ఆర్థిక సంవత్సరపు నిధుల విడుదలను బట్టి నిర్ణయించినప్పుడు వేదిక సిద్ధంగానే ఉంటుంది. శ్రోత మాత్రం పొలంలో ఉంటాడు.

ఈ వరుసలో ఆకాశవాణిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన విజయవాడ కేంద్రం కంటికి కనిపించని పెద్ద గానసభ. ప్రాతఃకాలపు భక్తిరంజని లక్షల ఇళ్లలో శ్రోతలను తయారుచేసింది. బాలమురళీకృష్ణ, వోలేటి వెంకటేశ్వర్లు వంటివారికి ఆ కేంద్రం నెలజీతమిచ్చి ఈ ప్రాంతంలో నిలిపింది. 1954లో మొదలైన ఆకాశవాణి సంగీత సమ్మేళనాలు ఆహ్వానిత శ్రోతల ఎదుట కచేరీలు జరిపి, వాటినే దేశమంతటికీ వినిపించాయి. ధ్వనిలో ఎంత నిశ్శబ్దం ఉండాలో ఇంజనీరూ, విద్వాంసుడూ కలిసి ఆలోచించిన వేదికలు మనకు బహుశా అవే.

పందిరీ హాలూ

పాత శ్రీరామనవమి పందిరిని కొందరు కేవలం పేదరికపు ఏర్పాటుగా భావిస్తారు. అది సరికాదు. తాటాకు కప్పు, నాలుగు వైపులా తెరపి, నేలమీద పరిచిన చాపలు ధ్వనిని ప్రతిధ్వనించనీయవు. గాయకుడు తన గొంతును తాను ఉన్నదున్నట్టు వినగలుగుతాడు. ధ్వనివర్ధకాలు రాని రోజులలో నారాయణదాసు వంటివారు కాలికి గజ్జె కట్టి, చేత చిడతలు పట్టి రాత్రులు గడిచే దాకా వేలమందికి కథ వినిపించగలిగినది ఇలాంటి ఆవరణలలోనే. శ్రోతకూ ఆ పందిరిలో ఒక స్వేచ్ఛ ఉండేది. అతడు మధ్యలో వచ్చి కూర్చోవచ్చు, నచ్చకపోతే లేచిపోవచ్చు. టికెట్టు కొనలేనివాడు రాటకు ఆనుకొని వినవచ్చు. అలా ఆనుకొని విన్నవారిలో కొందరు మరుసటి సంవత్సరం చాపమీద కూర్చున్నారు.

అయితే పందిరిని అతిగా కీర్తించడమూ న్యాయం కాదు. సముద్రపు గాలిలోని తేమకు మృదంగపు మూతల తోలు సడలుతుంది. విద్వాంసుడు ప్రతి కీర్తనకూ ఒకసారి రాయి పుచ్చుకొని శ్రుతి సవరించుకోవలసి వస్తుంది. వీణ మెట్లు మైనంలో నిలిచి ఉంటాయి. వేసవి వేడికి ఆ మైనం మెత్తబడితే స్వరస్థానమే కదిలిపోతుంది. పనసమ్రానుతో వీణలు మలచే బొబ్బిలి శిల్పులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. కనుక మంచి హాలు కావాలనే కోరిక న్యాయమైనదే.

ఆ కోరికకు జవాబుగా మన పట్టణాలలో హాళ్లు వెలిశాయి. విజయవాడలో తుమ్మలపల్లివారి క్షేత్రయ్య కళాక్షేత్రం, విశాఖపట్నంలో కళాభారతి, రాజమహేంద్రవరంలో ఆనం కళాకేంద్రం, తెనాలిలో రామకవి కళాక్షేత్రం ఎన్నో మంచి కచేరీలకు నిలయాలయ్యాయి. కాని జిల్లాలలో తరువాత కట్టిన సమావేశ మందిరాలలో అనేకం ఉపన్యాసం కోసమో, నాటకం కోసమో, వివాహం కోసమో ఉద్దేశించినవి. నున్నని గోడలు, గట్టి నేల, ఎత్తైన కప్పు ఉన్న హాలులో మాట రెట్టింపవుతుంది, రాగం మసకబారుతుంది. ఆ లోపాన్ని కప్పిపుచ్చడానికి ధ్వనివర్ధకం స్థాయి పెంచుతారు. తంబుర నాదం మాయమవుతుంది. మృదంగపు ఎడమమూత గుమికి ఉరుము వచ్చి చేరుతుంది. వెనుక వరుసలో కూర్చున్న కొత్త శ్రోత శాస్త్రీయ సంగీతమంటే ఇంత గోలా అనుకొని ఇంటికి వెళతాడు. అతడిని మనం రసజ్ఞత లేనివాడని నిందిస్తాము. అతడు విన్నది సంగీతం కాదు, గోడలను.

వేదిక అందనివారు

గానసభల చరిత్రను ప్రశంసతో ముగించడానికి వీలులేదు. చందా ఇచ్చినవారి సభ చందా ఇచ్చినవారి అభిరుచులనూ, అభ్యంతరాలనూ కూడ మోసింది. మువ్వ క్షేత్రయ్య పదాలను తరతరాలుగా కంఠస్థం చేసి అభినయించినవారు కళావంతుల స్త్రీలు. 1947లో మద్రాసు రాష్ట్రంలో దేవదాసీ వ్యవస్థను నిషేధిస్తూ చట్టం వచ్చింది. దాని సాంఘిక లక్ష్యం మంచిదే. ఆ వ్యవస్థలో నలిగినవారి విముక్తిని ఎవరూ కాదనలేరు. కాని దేవాలయ మండపం, పెళ్లి పందిరి మూతబడిన తరువాత వారి సంగీతానికి గానసభల తలుపులు తెరుచుకోలేదు. కళ బయటకు వచ్చింది, కళాకారిణి లోపలే ఉండిపోయింది. బల్లిపాడు మదనగోపాలస్వామి ఆలయ సంప్రదాయానికి చెందిన సరిదె మాణిక్యమ్మ వంటివారిని పండితలోకం తిరిగి గుర్తించడానికి దశాబ్దాలు పట్టింది.

తిరువయ్యారులోనే ఈ పోరాటానికి పూర్వగాథ ఉన్నది. త్యాగరాజ సమాధికి ఆలయం కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మ. తన సొంత ధనంతో కట్టించిన సన్నిధిలోనే స్త్రీలు పాడరాదని నాటి ఉత్సవ నిర్వాహకులు అన్నప్పుడు ఆమె స్త్రీల చేతనే వేరుగా ఆరాధన జరిపించారు. 1940–41 నాటికి వర్గాలు ఏకమై ఆ కట్టుబాటు సడలింది. ఈనాడు మన పట్టణాల ఆరాధనలలో ముందు వరుసల నిండా స్త్రీలు కూర్చుని పాడుతున్నారంటే, ఆ చోటు ఎవరో దయతో ఇచ్చినది కాదని గుర్తుంచుకోవాలి.

నాదస్వర విద్వాంసుల కథ మరొక తీరు. చిలకలూరిపేట పరిసరాలలో ముస్లిం కుటుంబాలు తరతరాలుగా నాదస్వరాన్ని పోషించాయి. రామాలయాలలో సుప్రభాతానికీ, ఊరేగింపులకూ వారి వాద్యమే మంగళప్రదం. ఆ సంప్రదాయంలో ఒంగోలు సమీపంలోని కరవదిలో జన్మించిన షేక్ చినమౌలానా (1924–1999) దేశవిదేశాలలో కీర్తి గడించారు. 1977లో పద్మశ్రీ, 1998లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదం ఆయనను వరించాయి. అప్పటికి ఆయన నివాసం శ్రీరంగం. ఆయన శిష్యులైన కాలీషాబీ, షేక్ మహబూబ్ సుభానీ దంపతులు 2020లో పద్మశ్రీ పొందిన నాటికి వారి నివాసమూ అదే. ఇక్కడ నాదస్వరం తరచు సభ మొదలవడానికి ముందు, కుర్చీలు సర్దుతుండగా, అతిథులకు స్వాగతం పలకడానికి వినియోగపడుతుంది. అక్కడ జనం కూర్చుని వింటారు. విద్వాంసుడు ఎక్కడికి పోతాడన్న ప్రశ్నకు ఈ భేదమే సమాధానం.

మద్రాసు దారి

మొదట చెప్పిన ఇద్దరు బాలురూ చివరకు మద్రాసులోనే స్థిరపడ్డారు. శ్రీనివాస్ 1981లో మద్రాసు డిసెంబరు ఉత్సవాలలో వాయించాడు. 1983 నాటికి బెర్లిన్ జాజ్ ఉత్సవానికి వెళ్లాడు. బాలమురళీకృష్ణ విజయవాడ ప్రభుత్వ సంగీత కళాశాలకు తొలి అధ్యక్షులుగా పనిచేసి కూడ తరువాత మద్రాసు చేరారు. ఇందులో మద్రాసును తప్పుపట్టవలసినది లేదు. 1927లో అక్కడ జరిగిన కాంగ్రెసు మహాసభతో పాటు ఏర్పాటైన సంగీత సమావేశం మరుసటి ఏడు సంగీత అకాడమీగా రూపొందింది. ఆ తరువాత సభకు సభ తోడై మార్గశీర్ష మాసమంతా ఒకే నగరంలో కచేరీలు, పగటిపూట విద్వత్సదస్సులు, మర్నాటి పత్రికలలో సమీక్షలు పెనవేసుకొన్న వ్యవస్థ ఏర్పడింది. 2017లో చెన్నై యునెస్కో సృజనాత్మక నగరాల సంగీత విభాగంలో చేరింది. అక్కడ వినిపించే కీర్తనలలో ఎన్నో తెలుగులోనివి కావడం మనకు గర్వకారణమనుకుంటే, ఆ కీర్తనలు వినడానికి తెలుగువాడు రైలెక్కవలసి రావడం ఆలోచించవలసిన విషయం.

మన తీరంలో ఉత్సవాల సంఖ్య తక్కువేమీ కాదు. లోపించినది కూర్పు. ఒక ఊరి ఉత్సవానికి వచ్చిన విద్వాంసుడు పక్క ఊరి ఉత్సవం సంగతి తెలియకుండానే తిరిగి వెళతాడు. కచేరీ మంచిచెడ్డలను మర్నాడు వ్రాసే పత్రిక లేదు. నేదునూరి కృష్ణమూర్తి (1927–2014) విశాఖపట్నంలోనే ఉండి 1991లో సంగీత కళానిధి కాగలిగారంటే ఆయన ప్రతిభతో పాటు ప్రభుత్వ సంగీత కళాశాలల ఉద్యోగం ఇచ్చిన నిలకడ కూడ కారణం. తొలి కచేరీ ఇచ్చే సభ, నెలజీతం ఇచ్చే సంస్థ రెండూ ఉన్నచోట విద్వాంసుడు నిలిచాడు. మొదటిది మాత్రమే ఉన్నచోట పుట్టి వెళ్లిపోయాడు.

ఉత్సవంలో సంగీతం

1983లో ఆంధ్రప్రదేశ్‌లో రాష్ట్ర అకాడమీలు రద్దయిన పిమ్మట పట్టణాల సభలు ఎక్కువగా దాతల మీదనే ఆధారపడ్డాయి. మరొక వైపు పర్యాటకాన్ని ప్రోత్సహించే ఉద్దేశంతో సముద్రతీరాలలో, జిల్లా కేంద్రాలలో ప్రభుత్వోత్సవాలు వచ్చాయి. వేలమంది ఒకచోట చేరి ఆనందించడం తప్పు కాదు. సినిమా పాటకూ, జానపదానికీ, బాణసంచాకూ ఆ వేదికపై చోటు ఉండవలసిందే. ఆక్షేపణ ఒక్కటే: అక్కడ శాస్త్రీయ సంగీతానికి ఇచ్చే స్థానం అలంకారప్రాయం.

ఈ వ్యాసకర్త చూసిన ఒక దృశ్యం చెప్పక తప్పదు. ఒక తీరపట్టణపు ఉత్సవంలో సాయంకాలపు తొలి అంకంగా గాత్రకచేరీ పెట్టారు. గాయని తోడిరాగం అందుకొని, మెట్టుమెట్టుగా పైకి నడిపించి, తారస్థాయి గాంధారం మీద నిలిచారు. జనం సద్దుమణిగింది. బజ్జీల బండి దగ్గర నిలుచున్నవారు సైతం వేదిక వైపు తిరిగారు. సరిగ్గా అప్పుడు ముఖ్య అతిథి వాహనాలు వచ్చాయి. వ్యాఖ్యాత మైకు అందుకొని స్వాగతం పలికాడు. శాలువాలు, పూలదండలు, జ్ఞాపికలు, ప్రసంగాలు పూర్తి కావడానికి ముప్పావుగంట పట్టింది. తరువాత ‘సమయాభావం వల్ల’ ఒక చిన్న కీర్తనతో ముగించమని గాయనిని కోరారు. మృదంగ విద్వాంసుడు ఒక్క మాటా అనకుండా తన వాద్యానికి గుడ్డ తొడుగు తొడిగాడు. ఎవరిమీదా కోపం చూపదగిన సంఘటన కాదిది; అందరూ తమ విధి తాము నిర్వర్తించారు. ఆ తోడి మాత్రం గాంధారం దగ్గరే ఆగిపోయింది. బజ్జీల బండి దగ్గర ఒక్క నిమిషం శ్రోతలైనవారు మళ్లీ కొనుగోలుదారులయ్యారు.

దీనికి కావలసిన చికిత్స పెద్ద వ్యయంతో కూడినది కాదు. కచేరీ నడుమ సన్మానాలు జరగరాదన్న నియమానికి ఒక్క ఉత్తరువు చాలు. సభలకు ఇచ్చే సహాయానికి ఊరి విద్యార్థులకు ఒక పూట కేటాయించాలన్న షరతును జోడించవచ్చు. ప్రధాన కళాకారునికి ఇచ్చే సంభావనతో పాటు పక్కవాద్యాల సంభావనను కూడ ముందే నిర్ణయించి చెల్లించవచ్చు. రైలు మార్గాలతో కలిసిన పట్టణాల సభలు తేదీలను కూడబలుక్కుంటే విశాఖపట్నంలో పాడిన విద్వాంసుడు కాకినాడ, రాజమహేంద్రవరం, ఏలూరు, విజయవాడ, గుంటూరులలో పాడి నెల్లూరు చేరవచ్చు; దారిఖర్చు ఏడు సభలు పంచుకొంటాయి. ప్రభుత్వ మందిరాలను నెలకు ఒక సాయంకాలం నామమాత్రపు అద్దెకు గానసభలకు ఇవ్వవచ్చు. కొత్త మందిరం ప్రారంభించే ముందు ఒక వైణికుని అక్కడ కూర్చోబెట్టి, ధ్వనివర్ధకం లేకుండా వాయింపజేసి, చివరి వరుసలో కూర్చుని వినడం ఇంజనీరు ఇచ్చే ధ్రువపత్రానికి మంచి అనుబంధం అవుతుంది. నాదస్వరానికీ, హరికథకూ ప్రవేశద్వారం వద్ద కాక వేదిక నడుమ ఒక పూర్తి సాయంకాలం కేటాయించడం మనం తీర్చుకోవలసిన బాకీ.

ఈ పనులన్నీ జరిగినా మరొక బాలమురళి పుడతాడని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రతిభను ఉత్తరువులు పుట్టించవు. అది పుట్టినప్పుడు వినడానికి సిద్ధంగా ఉండే చోటును మాత్రం మనం నిలబెట్టుకోగలం. 1978లో గుడివాడ సభవారు ఒక బాలుని చేతిలోని పరాయి వాద్యాన్ని చూసి ఇది మన సంప్రదాయమా అని విచారణ జరిపి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. వారు విచారణ జరపలేదు. చాప పరిచి, శ్రుతి పెట్టి, వాయించమన్నారు.

వచ్చే పుష్య బహుళ పంచమికి కూడ ఏదో ఒక ఊళ్లో ఒక బాలిక వేదిక ఎక్కుతుంది. ఆమె చరణంలో తడబడినప్పుడు అందించే వయొలిన్, తల ఊపే పెద్దమనిషి ఆ ఊళ్లో ఇంకా ఉండాలి. మన ఉత్సవాల జయాపజయాలను ఆ పూట లెక్కవేయాలి.